క్రూగర్‌లో నేలను బట్టి రోడ్డు ఎంచుకోవాలి

దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ నుంచి క్రూగర్ నేషనల్ పార్కు దక్షిణపు గేటు మలెలేన్‌కి సుమారు 400 కిలోమీటర్లు. తెల్లవారకముందే బయల్దేరితే నాలుగున్నర, ఐదు గంటల్లో చేరొచ్చు. ఎన్12 జాతీయ రహదారి మీద వెళ్లి ఎమలాహ్లేని ఊరి దగ్గర ఎన్4లో కలిశాక మలెలేన్ దాకా అదే రోడ్డు. దారిలో మిడిల్‌బర్గ్, మచాడో, న్కొమాజీ టోల్ గేట్లు తగులుతాయి. బయటి దేశపు బ్యాంకు కార్డు టోల్ దగ్గర అన్నిసార్లూ పనిచేయదు కాబట్టి కొంత నగదు, ఇక్కడి కరెన్సీ ర్యాండ్‌లో, చేతిలో ఉండాలి. దారిలో వచ్చే బెల్ఫాస్ట్ ఊరి ప్రాంతం ఎత్తైన పీఠభూమి. పొద్దున పూట అక్కడ ముందున్న లారీ కూడా కనిపించనంత పొగమంచు కమ్ముతుంది. ఆ ముక్క పొద్దెక్కాక దాటేలా లెక్క వేసుకుంటే మంచిది. అక్కడి నుంచి రోడ్డు దిగుతూ పోతుంది. చెరకు తోటలు కనిపించాయంటే మలెలేన్ వచ్చేసినట్టే.

ఇక్కడ ఉద్యోగాల మీద ఉంటున్న మావంటి వాళ్లు చాలామంది క్రూగర్‌కి టూరు కంపెనీ జీపులో వెళ్లొస్తారు. మేమిద్దరం సొంత కారులోనే వెళ్తాం. పెద్ద జీపు అవసరమే లేదు. ముఖ్యమైన రోడ్లన్నీ తారువి, మిగతావి మామూలు కారు పోగలిగే మట్టిరోడ్లు. బండి నడిపేది మన దేశంలోలాగే ఎడమ పక్కన. టూరు జీపు ఒక సింహం దగ్గర పది నిమిషాలు ఆపి ఇంకో జంతువు కోసం పరుగెడుతుంది. సొంత కారైతే ఒకే చెట్టు కింద గంటసేపు ఆగొచ్చు. అడవిలో చూడదగ్గదంతా అలా ఆగినప్పుడే కనిపిస్తుంది.

ఈసారి స్కూళ్ల శీతాకాలపు సెలవులు అయిపోయాక, ఆగస్టులో వెళ్లాం. అప్పటికి గడ్డి ఎండి నేలకు వాలిపోతుంది, గుంటల్లో వాననీళ్లు ఇంకిపోతాయి, జంతువులు నదులకూ పెద్ద చెరువులకూ రాక తప్పదు. మలేరియా భయం ఎండాకాలపు వానలప్పటికన్నా తక్కువే గానీ బొత్తిగా లేకపోలేదు. వెళ్లేముందు డాక్టరును అడిగి మాత్రల సంగతి తేల్చుకోవాలి. సాయంత్రం పొడుగు చేతుల చొక్కా, దోమల మందు తప్పనిసరి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెళ్లేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. క్రొకడైల్ బ్రిడ్జి గేటు దగ్గర వంతెన బాగా కిందికి ఉంటుంది, పెద్ద వానకు మునిగిపోతుంది.

గేటు దగ్గర రోజుకి, మనిషికి ఇంత అని రుసుం కడతాం. దక్షిణాఫ్రికా వాళ్లకు ఒకటి, పొరుగు దేశాల వాళ్లకు ఒకటి, మిగతా విదేశీయులకు అన్నిటికన్నా ఎక్కువ. పాస్‌పోర్టుతో పాటు నివాస పత్రం కూడా దగ్గర పెట్టుకోవాలి. గేటులో ఇచ్చే కాగితం మీద అత్యవసర ఫోను నంబరు ఉంటుంది. దాన్ని అక్కడే ఫోనులో ఎక్కించుకోవాలి, ఎందుకో తరువాత చెప్తాను.

ఇక అసలు సంగతి. పార్కు ఉత్తర దక్షిణాలుగా దాదాపు 360 కిలోమీటర్ల పొడవు, సగటున 65 కిలోమీటర్ల వెడల్పు. నిలువునా చూస్తే పడమటి సగం కింద గ్రానైట్, తూర్పు సగం కింద లావా గడ్డకట్టిన నల్లరాయి, అంటే బసాల్ట్. గ్రానైట్ అరిగితే ఇసక నేల అవుతుంది. వానకు అందులో సారం కొట్టుకుపోయి గడ్డి రుచి తగ్గుతుంది, పొదలు దట్టంగా పెరుగుతాయి. బసాల్ట్ నల్లరేగడి లాంటి బంకనేల అవుతుంది. దానిమీద గడ్డి తియ్యగా, చెట్లు పలచగా ఉంటాయి. గడ్డి మేసే జీబ్రాలు, వైల్డ్‌బీస్టులు, దున్నల మందలు తూర్పున ఎక్కువ, వాటి వెనకే సింహాలు. ఆకు మేసే కుడూ జింకలు, బండల్లో గెంతే చిన్న క్లిప్‌స్ప్రింగర్ జింకలు, పొదల్లో నక్కే చిరుతలు పడమటి వైపు, నదుల వెంట. జంతువు పేరు పట్టుకుని వెతికేకన్నా నేల చూసి రోడ్డు ఎంచుకోవడం ఎంతో నయం. రాత్రి బస చేసే క్యాంపులను బట్టి మా దారి కూడా అలాగే వేసుకున్నాం: ముందు మలెలేన్ పక్క కొండల్లో బెర్గ్-ఎన్-దాల్, తరువాత సాబీ నది ఒడ్డున లోయర్ సాబీ, ఆ తరువాత బసాల్ట్ మైదానంలో సటారా.

దూరాల లెక్క పటం చూసి వేస్తే తప్పుతుంది. తారు మీద గంటకు 50, మట్టి మీద 40 కిలోమీటర్లు మించకూడదు. పార్కులోనూ స్పీడు పట్టుకునేవాళ్లు ఉంటారు. ఆగుతూ పోతే సగటు వేగం 20, 25 మించి రాదు. అంటే పెద్ద క్యాంపు స్కుకూజా నుంచి సటారా 90 చిల్లర కిలోమీటర్లకు నాలుగు గంటలు. ఆగస్టులో గేట్లు పొద్దున 6కి తీస్తారు, సాయంత్రం 6కి మూస్తారు. ఆలస్యమైతే జరిమానా. క్యాంపుకి పది కిలోమీటర్ల దూరంలో ఏనుగుల గుంపు రోడ్డు మీద నిలబడితే అరగంట పోవడం మామూలే. అందుకని ఆఖరి గంటలో క్యాంపుకి పదిహేను కిలోమీటర్ల లోపే తిరగాలి. చీకటి పడ్డాక అడవి చూడాలంటే పార్కు వాళ్ల ట్రక్కు ఒక్కటే దారి. ఆ రాత్రి ప్రయాణానికి చలికోటూ దుప్పటీ రెండూ కావాలి.

కారు అద్దాలు లోపలి నుంచి తుడవాలి. ఎదురెండ పడ్డప్పుడు లోపలి మసకే ఎక్కువ అడ్డం. స్పేరు టైరులో గాలి ఉందో లేదో ముందే చూసుకోవాలి. మట్టిరోడ్డు మీద అలల్లాంటి గతుకులు ఉంటాయి. మేము టైరు గాలిని 2.2 బార్ నుంచి 1.8కి తగ్గిస్తాం, తిరిగి తారు ఎక్కేముందు నింపడానికి చిన్న కంప్రెసర్ పెట్టుకుంటాం. టైరు మెల్లగా దిగిపోతుంటే అలాగే నిదానంగా దగ్గర్లోని పిక్నిక్ స్థలానికో క్యాంపుకో చేర్చాలి. పూర్తిగా పోతే కిందికి దిగకుండా ఆ అత్యవసర నంబరుకి ఫోను చెయ్యాలి. అన్నిచోట్లా సిగ్నల్ దొరకదు, అప్పుడు వచ్చే కారును ఆపి కబురు పంపాలి. పెట్రోలు పెద్ద క్యాంపులన్నిటిలో దొరుకుతుంది. దిగడానికి అనుమతి లేని చోట తలుపు తియ్యకూడదు, కిటికీలోంచి తలా చేతులూ బయట పెట్టకూడదు. కారులో కుదురుగా కూర్చున్నంతసేపు జంతువుల కంటికి మనమూ కారూ ఒకటే వస్తువు. మనిషి ఆకారం విడిగా కనిపించిన క్షణాన ఆ నమ్మకం పోతుంది.

బెర్గ్-ఎన్-దాల్ నుంచి హెచ్3 రోడ్డు మీద అఫ్సాల్ పిక్నిక్ స్థలం వైపు వస్తుంటే మలుపులో ఒంటరి మగ ఏనుగు ఎదురైంది. క్రూగర్‌లో సొంత కారు నడిపేవాళ్లు సింహం గురించి కన్నా ఏనుగు గురించే ఎక్కువ తెలుసుకోవాలి. చెవులు ఆడిస్తుంటే కంగారు పడక్కర్లేదు, ఒళ్లు చల్లబరుచుకోవడానికి ఎప్పుడూ ఆడిస్తూనే ఉంటుంది. చెవులు రెండూ విప్పి, తల ఎత్తి, మన వైపు చూస్తూ నిలబడిందంటే ఇక దగ్గరికి రావద్దని చెప్పడం. అలాగే నాలుగడుగులు ఉరికి ఆగిపోవడం చాలావరకు బెదిరింపే. చెవులు వెనక్కి అణచి, తొండం కిందికి ముడిచి వస్తే అది నిజంగానే వస్తున్నట్టు. మదం సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆఫ్రికా ఏనుగుల్లో కణతల నుంచి ద్రవం కారడం ఆడవాటిలోనూ ఉంటుంది, గాభరా పడినా కారుతుంది. మగదానికి కణతలు ఉబ్బి మదజలం కారుతూ, దానితో పాటు మూత్రం చుక్కలు చుక్కలుగా పడి వెనక కాళ్ల లోపలి వైపు తడిసి ఉంటే అది మదంలో ఉన్నట్టే. మా ముందున్నది సరిగ్గా అలాగే ఉంది.

అలాంటప్పుడు చేయాల్సింది ఒక్కటే: దూరం పెంచడం. మలుపులో యాభై మీటర్ల ముందే ఆపాం కాబట్టి వెనక్కి పోవడానికి చోటుంది. ఇంజను ఆపకుండా, హారన్ కొట్టకుండా, అది ముందుకు వచ్చినంత మేర మేము వెనక్కి జరిగాం. వెనక వచ్చిన కార్లకు హజార్డ్ లైట్లు వేసి చూపిస్తే వాళ్లూ జరిగారు. వెనక ఇంకో కారు బంపరుకు అంటుకుని నిలబడితే ఈ దారి మూసుకుపోతుంది. ఏనుగుల దగ్గర అదే ప్రమాదం. కాసేపటికి అది పక్కకు తిరిగి పొదల్లోకి దిగింది. తల్లీపిల్లా రోడ్డుకు చెరోవైపు ఉంటే వాటి మధ్యలోకి కారు పోనివ్వకూడదన్నది రెండో నియమం.

ఖడ్గమృగాల గురించి ఒక్కమాట. తెల్ల ఖడ్గమృగాలు ఇక్కడ పూర్తిగా అంతరించిపోతే 1961లో ఈ దేశంలోనే ఉన్న నటాల్ ప్రాంతం నుంచి మళ్లీ తెచ్చి వదిలారు. ఇప్పుడు వేటగాళ్ల వల్ల మళ్లీ బాగా తగ్గిపోయాయి. కొమ్ములు కోసి ఉన్నవి కనిపిస్తే అది వాటి ప్రాణం కాపాడడానికి పార్కు వాళ్లే చేసిన పని. క్యాంపుల్లో ఏ జంతువు ఎక్కడ కనిపించిందో రంగు బిళ్లలతో చూపించే బోర్డులుంటాయి, వాటిమీద ఖడ్గమృగాన్ని చూపించరు. మనమూ చెప్పకూడదు. ఫోటో పెడితే అందులో దాగున్న స్థలం వివరాలు తీసేసి పెట్టాలి. మేము చూసినవి ఏ రోడ్డు మీదో అందుకే రాయడం లేదు.

స్కుకూజా నుంచి లోయర్ సాబీకి నది వెంట పోయే హెచ్4-1 దాదాపు 46 కిలోమీటర్లు. చిరుతపులి కోసం దేశమంతా వచ్చేది ఈ రోడ్డుకే. నడిపేవాళ్లు కుడివైపు, పక్కన కూర్చున్నవాళ్లు ఎడమవైపు చూడాలని మేము పంచుకుంటాం. పొదను కాదు, పొద సందుల్లోంచి అవతలికి చూడాలి. అడవిలో గీతలన్నీ నిలువుగా ఉంటాయి, అడ్డంగీత కనిపిస్తే అది జంతువు వీపు కావొచ్చు, బైనాక్యులర్స్ తియ్యాలి. మా వరకు ఎనిమిది రెట్లు పెంచి చూపే 8x42 చాలు, అంతకు మించితే కారులో చెయ్యి వణుకుతుంది. చిరుతను మాకు చూపించింది మాత్రం మా కళ్లు కాదు, ఇంపాలా జింకలు. మేత మానేసి అన్నీ ఒకే వైపు మెడలు చాపి, ముక్కుతో బుస్సుమని చీదుతున్నాయి. పైన చెట్టు మీద వెర్వెట్ కోతులు కిందికి చూస్తూ ఆగకుండా అరుస్తున్నాయి. ఒక్క కోతి అరిస్తే అది కొట్లాట కావొచ్చు. రెండు జాతులు ఒకే చోటు చూస్తుంటే ఇంజను ఆపి కూర్చోవాలి. ఇరవై నిమిషాలకు పెద్ద అత్తిచెట్టు మొదట్లోంచి చిరుత లేచి, ఒళ్లు విరుచుకుని, ఎండుగడ్డిలోంచి నది వైపు నడిచింది. ఆ ఇరవై నిమిషాల్లో చాలా కార్లు మమ్మల్ని దాటి వెళ్లిపోయాయి.

లోయర్ సాబీ గేటు పక్కనే సన్‌సెట్ డ్యామ్ ఉంది. నీటిగుర్రాలు, మొసళ్లు, కొంగలు కారు పక్కనే అన్నట్టుంటాయి. సాయంత్రం ఆఖరి గంటకు ఇంతకన్నా మంచిచోటు లేదు.

అక్కడి నుంచి హెచ్10 మీద ఉత్తరానికి పోతే చెట్లు పలచబడుతూ వస్తాయి. న్కుంబే దగ్గర గుట్టమీద సూచించిన స్థలంలో మాత్రం దిగొచ్చు. అక్కడి నుంచి చూస్తే బసాల్ట్ మైదానం కంటికి అందినంత మేర ఉంటుంది, అందులో జీబ్రాలు చుక్కల్లా. సటారా చేరాక పొద్దున గేటు తీసిన వెంటనే ఎస్100 మట్టిరోడ్డు ఎక్కాలి. చలి పొద్దుల్లో సింహాలు రాత్రి తిరిగిన రోడ్డు మీదే పడుకుని ఉంటాయి. ఎండ పెరిగితే నీడకు పోతాయి, ఇక రోజంతా నిద్రే. మాకు రెండు ఆడసింహాలు రోడ్డు మధ్యలో నడుస్తూ ఎదురొచ్చాయి. కారు పక్కకు తీసి ఇంజను ఆపి, అద్దాలు పైకెత్తి కూర్చుంటే కిటికీ పక్కనుంచే పోయాయి. ఫోటో తీసేవాళ్లు కూడా ఇంజను ఆపాల్సిందే, లేకపోతే ఆ కంపనానికి బొమ్మ చెదురుతుంది. కిటికీ అంచున గింజల సంచి పెట్టి దానిమీద లెన్సు ఆనిస్తే స్టాండు అక్కర్లేదు. పది గంటలు దాటాక నేల వేడికి గాలి అలలాడి దూరపు ఫోటో ఏదీ స్పష్టంగా రాదు.

దుమ్ములగొండ్లు రోడ్డు కింది తూముల్లో పిల్లల్ని పెడతాయి. తూము దగ్గర పిల్లలు కనిపిస్తే ఆగి చూడొచ్చు గానీ ఇంకా దగ్గరికి జరపకూడదు. అవి బంపరునూ టైర్లనూ కొరికి చూస్తాయి.

క్యాంపు గుడిసెల్లో వంటగది వరండాలోనే ఉంటుంది. ఫ్రిజ్ గడియ వేయకుండా స్నానానికి వెళ్తే బబూన్ కోతులు తలుపు తీసి ఖాళీ చేస్తాయి. మనిషి తిండి మరిగిన బబూన్‌ను చివరికి కాల్చేయాల్సి వస్తుంది. గడియ వేసేది ముందుగా దాని ప్రాణం కోసమే.

బయటికి ఓర్పెన్ గేటు గుండా వచ్చాం. సటారా నుంచి సుమారు 48 కిలోమీటర్లు. ఈ ప్రాంతం గాలికుంటు వ్యాధి నియంత్రణ పరిధిలో ఉంది కాబట్టి పచ్చి మాంసం బయటికి తీసుకుపోనివ్వరు, కారు తనిఖీ చేస్తారు. అక్కడి నుంచి అబెల్ ఇరాస్మస్ కనుమ ఎక్కి లైడెన్‌బర్గ్, డల్‌స్ట్రూమ్ మీదుగా బెల్ఫాస్ట్ దగ్గర ఎన్4 అందుకోవచ్చు. దృశ్యాలు బాగుంటాయి గానీ రోడ్డు నిండా గుంతలు, ఊళ్ల దగ్గర పశువులు అడ్డం వస్తాయి. చీకటి పడకముందే ఎన్4 ఎక్కాలంటే సటారాలో పొద్దున తిరుగుడు ఎనిమిదికల్లా ముగించి బయల్దేరాలి.