నాలుగో భాష వినడానికి వెళ్లాను

జూరిక్ నుంచి కూర్ దాకా పెద్ద రైలు. అక్కడ దిగి అవతలి ప్లాట్‌ఫారం మీదున్న ఎర్ర రైలెక్కాలి. అది మీటర్ గేజ్ బండి. ఒకప్పుడు ముద్ఖేడ్ నుంచి ఆదిలాబాద్ వచ్చే రైలులాగే కొండ మలుపుల్లో తాపీగా పోతుంది, చిన్న చిన్న ఊళ్ల దగ్గర కూడా ఆగుతుంది.

మా తమ్ముడు జూరిక్‌లో ఉద్యోగం చేస్తాడు. వేసవి సెలవుల్లో వాడింటికి వెళ్తున్నానంటే తెలిసినవాళ్లంతా మంచుకొండల ఫోటోలు పంపమన్నారు. నా ధ్యాసంతా స్విట్జర్లాండ్ దేశపు నాలుగో భాష మీదే ఉంది. జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్ సంగతి అందరికీ తెలుసు. నాలుగోది రొమాన్ష్. మాట్లాడేవాళ్లు దాన్ని రుమాంచ్ అంటారు. నేను ఉట్నూరు వైపు ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్ని. నా దగ్గర చదివే పిల్లల్లో ఎక్కువమంది గోండులు. ఇంట్లో గోండిలో మాట్లాడే పిల్లలు బడికొచ్చి తెలుగు వాచకం తెరుస్తారు. అందుకే చిన్న భాష ఎక్కడ ఎలా బతుకుతోందన్నది నాకు ఊరికే తెలుసుకునే విషయం కాదు.

"అక్కా, ఇన్నేండ్ల సంది ఈడ ఉన్నగానీ ఆ భాష ఒక్కసారి గూడ ఇనలే" అన్నాడు తమ్ముడు రైల్లో.

వాడు అనడంలో ఆశ్చర్యం లేదు. దేశం మొత్తం మీద రుమాంచ్‌ను తమ ప్రధాన భాషగా చెప్పుకునేవాళ్లు 40 వేల మంది అటూ ఇటూగా ఉంటారు. అంటే రెండొందల మందిలో ఒకరు. దాని సొంత గడ్డ గ్రౌబ్యుండెన్ అనే ఒక్క రాష్ట్రమే. రాష్ట్రాన్ని వాళ్లు కాంటన్ అంటారు. మూడు అధికార భాషలున్న కాంటన్ ఆ దేశంలో అదొక్కటే: జర్మన్, రుమాంచ్, ఇటాలియన్.

కూర్ ఆ కాంటన్‌కు రాజధాని. ఒకప్పుడు అది రుమాంచ్ ఊరే. 1464లో ఊరు తగలబడింది. తిరిగి కట్టడానికి జర్మన్ మాట్లాడే పనివాళ్లు వచ్చారు, వచ్చినవాళ్లు అక్కడే ఉండిపోయారు. మెల్లగా పట్నం జర్మన్‌కు మారిపోయింది. రుమాంచ్‌కు ఆ తర్వాత తనదని చెప్పుకునే పట్నం లేకుండా పోయింది. మిగిలినవి లోయలు. క్రీ.పూ. 15లో రోమన్లు ఈ కొండల్ని గెలిచాక ఇక్కడ పాతుకుపోయిన లాటిన్, ఒక్కో లోయలో ఒక్కో తీరుగా ఎదిగింది. సుర్‌సిల్వాన్, సుత్‌సిల్వాన్, సుర్‌మిరాన్, పుతేర్, వల్లాదేర్ అని ఐదు రకాలు. ఐదూ మాటకే పరిమితమైన యాసలు అనుకోవద్దు, ఐదింటికీ విడివిడిగా రాత ఉంది, పుస్తకాలున్నాయి. పుతేర్‌లో బైబిల్ కొత్త నిబంధన 1560లోనే అచ్చయింది. కొన్ని లోయలు కేథలిక్కులవి, కొన్ని ప్రొటెస్టెంట్లవి. ఇటువారి ప్రార్థన పుస్తకం అటు పనికిరాలేదు. అలా ఐదు రాతలూ ఒకటి కాకుండానే వందల ఏళ్లు గడిచాయి.

రైలు రైన్ నది పక్కనే లోయలోకి దిగింది. రెండువైపులా తెల్లటి సున్నపురాయి గోడలు. ఆ లోయ దాటాక స్టేషన్ బోర్డుల మీద ఊరికి రెండు పేర్లు కనబడ్డాయి: ఇలాంట్స్ అని, కిందనే ల్యోన్ అని. అక్కడ బ్యాగులు తగిలించుకున్న బడిపిల్లలు కొందరు ఎక్కి మా ఎదురు సీట్లలో కూర్చున్నారు. ఒకడి చేతిలోని ఫోను కోసం ఇద్దరు గొడవ పడుతున్నారు. ఇటాలియన్‌లా అనిపిస్తుంది, కానీ మధ్యలో 'ష'లూ 'చ'లూ దండిగా దొర్లుతున్నాయి. తమ్ముడు నా వైపు చూసి తల ఊపాడు. ముచ్చటేసింది నాకు. పిల్లలు దెబ్బలాడుకునే భాషకు ఇంకా ఊపిరి ఉన్నట్టే.

లైను చివర డిజెంటిస్. రుమాంచ్‌లో ముష్టేర్. ఊరి మీద పెద్ద తెల్లటి బెనెడిక్టిన్ క్రైస్తవ సన్యాసుల మఠం, ఎనిమిదో శతాబ్దం నాటి మూలాలున్నది. మఠం లోపల ఎంతసేపో ఉండలేదు, మధ్యాహ్నం అవుతోంది, ఆకలి. మాలూన్స్ తిన్నాం. ఉడికించిన బంగాళాదుంపను తురిమి, పిండి కలిపి, వెన్నలో సన్నని మంట మీద చాలాసేపు వేయిస్తారు. ఉండలు ఉండలుగా, గోధుమరంగు వచ్చేదాకా గరిటె ఆపకూడదట. పక్కన ఉడికించిన యాపిల్ గుజ్జు. పేదవాళ్ల తిండి అది, ఇప్పుడు హోటల్ పలకల మీదికెక్కింది.

తర్వాత బేకరీలో రొట్టె కొన్నాం. కౌంటరు దగ్గరి ఆవిడ మా ముందున్న ముసలాయనతో రుమాంచ్‌లో మాట్లాడింది, మా దగ్గరికొచ్చేసరికి జర్మన్‌లోకి వచ్చింది. ఎక్కడా తడుముకోలేదు. ఆ లోయల్లో రుమాంచ్ మాత్రమే వచ్చిన పెద్దవాళ్లు ఇప్పుడు దాదాపు లేరు, అందరికీ జర్మన్ వచ్చు. జర్మన్ వాళ్లకు రుమాంచ్ రావాల్సిన అవసరం మాత్రం లేదు. పదిమంది కూర్చున్న చోటికి రుమాంచ్ రాని ఒక్కరొస్తే మిగతా తొమ్మండుగురూ జర్మన్‌లోకి మారిపోతారు. మర్యాద కోసమే చేస్తారు. ఉట్నూరు సంతలో నేను రోజూ చూసే మర్యాద కూడా ఇదే. తెలుగువాడు వచ్చి నిలబడితే గోండులు తెలుగులోకి వస్తారు.

చిల్లరగా తిరిగొచ్చిన పది ఫ్రాంకుల నోటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పసుపు రంగు కాగితం. జాతీయ బ్యాంకు పేరు నాలుగు భాషల్లో ఉంది. అందులో ఒకటి: బాంకా నాత్స్యునాలా ష్విత్స్రా. నలభై వేల మంది భాష, దేశమంతా చెల్లే నోటు మీద. మన నోటు మీద తెలుగు ఉంది. గోండి లేదు. 2011 జనాభా లెక్కల్లో గోండి తమ మాతృభాష అని చెప్పినవాళ్లు 29 లక్షల పైనే, అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో గోండికి చోటు లేదు.

ఆ నోటు మీదికి రుమాంచ్ ఊరికే ఎక్కలేదు. 1930ల్లో ముసోలినీ ఇటలీలో కొందరు, రుమాంచ్ అసలు భాషే కాదు, ఇటాలియన్‌లో ఒక యాస, కాబట్టి ఆ కొండలు మావి అని వాదించారు. దానికి జవాబుగా 1938 ఫిబ్రవరి 20న స్విట్జర్లాండ్ దేశమంతా ఓటు పెట్టింది: రుమాంచ్‌ను నాలుగో జాతీయ భాషగా గుర్తిద్దామా? నూటికి తొంభై మందికి పైగా గుర్తిద్దామనే అన్నారు. అప్పట్లో అక్కడ ఓటు హక్కు మగవాళ్లకే, అది వేరే కథ. నన్ను కదిలించిందేమిటంటే, ఆ ఓటేసినవాళ్లలో చాలా చాలామందికి రుమాంచ్ ఒక్క ముక్క రాదు. జర్మన్‌వాళ్లు, ఫ్రెంచివాళ్లు వేశారు. చిన్న భాషను నిలబెట్టాలా వద్దా అన్నది తేల్చింది పెద్ద భాషలవాళ్లు. ఇంగ్లీషు ముందు తెలుగు చిన్నబోతోందని మనం బాధపడతాం, ఆ బాధ నిజమే. కానీ ఉట్నూరులో, ఏటూరునాగారంలో, సీతంపేటలో పెద్ద భాష మనదే. అక్కడ తేల్చాల్సింది మనమే.

గుర్తింపు వచ్చినంత మాత్రాన గండం గట్టెక్కలేదన్నది కూడా నిజం. సెయింట్ మోరిట్స్ పేరు వినే ఉంటారు, ధనవంతులు మంచులో జారడానికి వెళ్లే ఊరు. 1880లో అక్కడ సగం మంది రుమాంచ్ వాళ్లు. 1904లో కొండల్ని తొలిచి రైలు వేశారు. హోటళ్లు లేచాయి, పనివాళ్లు, యజమానులు, అతిథులు బయటినుంచి వచ్చారు. 2000 నాటికి రుమాంచ్ వాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. ఆ పిల్లల్ని నా ఎదుట కూర్చోబెట్టిన ఎర్ర రైలే వాళ్ల ముత్తాతల ఊళ్లకు జర్మన్‌ను మోసుకెళ్లింది. రైలు లేకపోతే పొట్టకూటికి జనం లోయలే వదిలిపోయేవారేమో. దీనికి తేలికైన జవాబు నా దగ్గర లేదు.

డిజెంటిస్ నుంచి మేం దిగువ ఎంగడీన్ లోయకు వెళ్లాం. కొండ కింద 1999లో తెరిచిన వెరైనా సొరంగం దాటగానే మరో రుమాంచ్. ఇక్కడిది వల్లాదేర్. పలకరింపు కూడా మారిపోయింది, దారిలో ఎదురైన ప్రతివాళ్లూ "అల్లేగ్రా" అన్నారు. గువార్దా అనే ఊరు స్టేషన్‌కు బాగా పైన, కొండ వాలు మీద ఉంటుంది. పసుపు రంగు పోస్టు బస్సులో ఎక్కాం.

ఆ ఊరి ఇళ్ల గోడలు దగ్గరినుంచి చూడాలి. ముందు ముదురు బూడిదరంగు గార పూస్తారు, దాని మీద సున్నం వేస్తారు, సున్నం ఆరకముందే మొనతో గీస్తారు. గీసినచోట కింది బూడిదరంగు బయటపడుతుంది. పువ్వులు, చేపలు, సూర్యబింబాలు, కిటికీల చుట్టూ అల్లికలు. సముద్రం మొహం చూడని కొండ ఊళ్లో అన్ని చేపలెందుకో! తలుపుల మీద ఇల్లు కట్టిన ఏడు, కట్టినవాళ్ల పేర్లు, దేవుణ్ణి తలుచుకునే రెండు మూడు వరుసలు, అన్నీ రుమాంచ్‌లో. వేలు పెట్టి తడిమాను. గీతలు లోతుగా ఉన్నాయి. వాన పడినా, వెల్ల వేసినా అంత తేలిగ్గా చెరిగేవి కావు.

తమ్ముడి సహోద్యోగి మేనత్త ఆ చుట్టుపక్కలే ఉంటారు. ప్రాథమిక బడిలో పని చేసి రిటైరయ్యారు. నేను టీచర్ననగానే వంటింటి బల్ల దగ్గరే కూర్చోబెట్టి, వాల్‌నట్లు కూరిన తీపి రొట్టె కోసి పెట్టి, ఇంగ్లీషులో గడగడా చెప్పారు. చిన్న తరగతులు రుమాంచ్‌లోనే, మూడో తరగతి నుంచి జర్మన్ పాఠం మొదలు, పైకెళ్లేకొద్దీ జర్మన్ వాటా పెరుగుతుంది. ఊళ్లో నూటికి 40 మంది రుమాంచ్ వాళ్లుంటే చాలు, ఆ పంచాయతీ అధికార భాష రుమాంచ్ ఒక్కటే. 20 నుంచి 40 ఉంటే రెండు భాషలు. కాంటన్ చట్టమే అలా ఉంది. ఆ మాట విన్నప్పుడు మా మండలంలోని గూడేలన్నీ కళ్లముందు తిరిగాయి.

ఆవిడ గొంతు పెరిగింది మాత్రం రుమాంచ్ గ్రిషున్ దగ్గర. ఐదు రకాలకూ ఐదు వాచకాలు అచ్చేయడం ఖర్చు, ప్రభుత్వానికి ఏ రకంలో ఉత్తరం రాయాలన్నది చిక్కు. అందుకని 1982లో హైన్రిష్ ష్మిడ్ అనే జూరిక్ భాషావేత్త ముఖ్యంగా సుర్‌సిల్వాన్, సుర్‌మిరాన్, వల్లాదేర్ మూడింటినీ సరిచూసి, ఎక్కువ వాటిలో ఉన్న రూపాన్ని తీసుకుంటూ ఒక ఉమ్మడి రాతభాష తయారుచేశాడు. అదే రుమాంచ్ గ్రిషున్. ప్రభుత్వ కాగితాలకు అది బాగానే పనికొచ్చింది. 2003లో కాంటన్ శాసనసభ కొత్త వాచకాలన్నీ ఇక అందులోనే అంది. 2007 నుంచి కొన్ని ఊళ్ల బడులు మారాయి. తల్లిదండ్రులు తిరగబడ్డారు. "మా పిల్ల నాయనమ్మతో మాట్లాడే మాట పుస్తకంలో తప్పు అయిపోయింది. ఒక్క ఇంట్లోనూ మాట్లాడని భాషలో అక్షరాలు దిద్దమంటే ఎలా?" అన్నారావిడ. గొడవ ముదిరి 2011 చివర్లో శాసనసభ వెనక్కి తగ్గింది, లోయల రకాల్లోనే మళ్లీ వాచకాలొచ్చాయి.

గిడుగు రామమూర్తిగారి గురించి ఆవిడకు చెప్పాను. వాడుక తెలుగును బడిలోకి తెచ్చేందుకు జీవితమంతా పోరాడారనీ, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటామనీ. అదే మనిషి పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు బడులు పెట్టి, వాచకాలు రాసి, 1931లో ఆ భాష వ్యాకరణం అచ్చేశారనీ. ఆవిడ పేరు రాసివ్వమని కాగితం తెచ్చారు.

మా గోండికి ఏ వాచకం ఉందని అడిగారు. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, సవర పిల్లలకు వాళ్ల భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలొచ్చాయని చెప్పాను. గుంజాల ఊళ్లో గోండికి సొంత లిపితో రాతప్రతులు దొరికిన సంగతీ చెప్పాను. మరి మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్‌లలోని గోండులు అదే చదువుతారా? లేదు, అక్కడ రాసేది దేవనాగరిలో, మాట కూడా తేడానే. ఆవిడ నవ్వారు. "అయితే మీకూ ఎవరో ఒకరు ఉమ్మడి భాష తయారుచేసి తెస్తారు. తేనివ్వండి, ఆఫీసుకు అది కావాలి. కానీ ఒకటో తరగతిలోకి మాత్రం రానివ్వకండి."

తిరిగొచ్చేటప్పుడు తమ్ముడు ఒప్పుకోలేదు. "అట్లయితే ఎట్లక్కా? అయిదుగురు అయిదు తీర్ల రాసుకుంటే బయటోనికి ఒక్కటి గూడ కనబడదు. నలభై వేల మందిని అయిదు ముక్కలు జేస్తే ఏం మిగుల్తది?" వాడన్నదాంట్లోనూ బలం ఉంది. ఇద్దరు వేర్వేరు లోయలవాళ్లు కలిస్తే కొన్నిసార్లు జర్మన్‌లోనే మాట్లాడుకుంటారని ఆవిడే చెప్పారు మరి. సొరంగం వచ్చేదాకా వాదించుకుంటూనే ఉన్నాం. నేను టీచరమ్మ వైపే. పెద్దయ్యాక ఉమ్మడి రాత ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆరేళ్ల పిల్ల బడిలో మొదటిరోజు తన మాటే వినాలి. జూన్‌లో బడి తెరవగానే ఆ పాత గోండి వాచకాలు మా మండలంలో ఎవరి బీరువాల్లో ఉన్నాయో అడిగి తెప్పిస్తాను. ఊళ్లో డిగ్రీ చదివిన గోండు అమ్మాయిలు ఇద్దరున్నారు. వాళ్ల చేత చదివించి, పిల్లలకు ఏ మాట అందడంలేదో, మా ఊరి గోండికి ఏది మార్చాలో ముందు చూడాలి.