గ్యారేజీలో పనిచేస్తూ ఏఎల్‌పీకి చదివే తమ్ముళ్లకు

మెకానిక్ మోటార్ వెహికల్ ఐటీఐ చేసి రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ (ఏఎల్‌పీ) పోస్టుకి చదివేవాళ్లలో చాలామంది ట్రేడ్ సబ్జెక్టు మీదే కూర్చుంటారు. తెలిసిన సబ్జెక్టు కదా, చదువుతుంటే హాయిగా ఉంటుంది. కానీ రెండో సీబీటీలో, అంటే కంప్యూటర్ మీద రాసే రెండో దశ పరీక్షలో, ట్రేడ్ వచ్చే పార్ట్ బి కేవలం క్వాలిఫయింగ్. 75 ప్రశ్నలు, 60 నిమిషాలు, 35 శాతం వస్తే చాలు. అక్కడ ఎంత ఇరగదీసినా మెరిట్‌లో ఒక్క మార్కు కలవదు. మెరిట్‌కి పట్టేది పార్ట్ ఎ: 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పుకు మూడో వంతు కోత. లెక్కలు, రీజనింగ్, బేసిక్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్.

ఈ మూడోదే మన సొమ్ము. డిగ్రీ వాళ్లు బట్టీ పట్టేదాన్ని మనం రోజూ చేత్తో పట్టుకుంటాం. నేను పనిచేసింది వనస్థలిపురం ఆటోనగర్‌లో, లారీలు, టాటా ఏస్‌లు, బొలెరో పికప్‌లు వచ్చే షెడ్డు. బ్రేక్ ఆయిల్ డబ్బా తెరిచి పక్కన పెడితే చాలు, మా ఉస్తాద్ "మూత పెట్టు బే" అని అరిచేవాడు. దుమ్ము పడుతుందనే అనుకునేవాళ్లం. అసలు సంగతి, ఆ ద్రవం గాల్లో తేమను పీల్చుకుంటుంది. తేమ చేరితే మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. ఘాట్‌లో బ్రేకులు కాలినప్పుడు పైపులో ఆవిరి పుడుతుంది. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది, అందుకే పెడల్ కిందికి పోతుంది. ఇందులో పాస్కల్ నియమం ఉంది, ఉష్ణం ఉంది, పీడనం ఉంది. చేసే ప్రతి పనికీ ఇలా "ఎందుకు" అని ఒకసారి అడిగి, రాత్రికి నోట్‌బుక్‌లో రెండు ముక్కలు రాసుకోండి.

లారీ బ్యాటరీలే తీసుకోండి. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లవి రెండు సిరీస్‌లో కడితే 24 వోల్టులు, సామర్థ్యం మాత్రం 150యే. 300 అని టిక్ పెట్టి వచ్చేవాళ్లు ఎందరో! వీల్ నట్టు రాకపోతే స్పానర్‌కి పైపు తొడుగుతామే, అదే టార్క్. ఫోర్ స్ట్రోక్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒకటే చుట్టు, అక్కడ గేర్ నిష్పత్తి లెక్క.

కోచింగ్ గురించి ఎక్కువ చెప్పను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకచోట ఫీజు కట్టాక సాయంత్రం బ్యాచ్‌ని ఆరింటికి మార్చారు. మా షట్టర్ దించేదే ఎనిమిదికి. లెక్కలకి ఫోన్‌లో వీడియోలు, ట్రేడ్‌కి నిమి (ఐటీఐ పుస్తకాలు వేసే ప్రభుత్వ సంస్థ) వాళ్ల పుస్తకాలు సరిపోయాయి. సెలవు రోజు ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారి చిక్కడపల్లి లైబ్రరీకి. ఇంట్లో చదువు సాగని వాళ్లకి ఆ వాతావరణం మంచిది, టీ దగ్గర ముచ్చట్లలో పడకపోతే.

పార్ట్ ఎ, బి రెండూ దాటాక సీబీఏటీ, అంటే కంప్యూటర్ మీద చేసే ఆప్టిట్యూడ్ పరీక్ష ఉంటుంది. ప్రతి టెస్టులో టీ స్కోరు (మిగతావాళ్లతో పోల్చి లెక్కగట్టే స్కోరు) 42 రావాలి, నెగెటివ్ లేదు. ప్రశ్నలు హిందీ, ఇంగ్లిష్‌లోనే వస్తాయి, తెలుగులో రాసి వచ్చినవాళ్లు సూచనలు చదవడం ముందే అలవాటు చేసుకోవాలి. తుది మెరిట్‌లో దీనికి 30 శాతం, పార్ట్ ఎకి 70.

ఇంకొకటి, పుస్తకం తెరవకముందే చేయాల్సిన పని. ఏఎల్‌పీకి ఏ-1 మెడికల్, అద్దాలు లేకుండా 6/6 చూపు కావాలి, అద్దాలు పోవడానికి చేసే లేసిక్ ఆపరేషన్ చేయించుకుంటే కుదరదు. మెహదీపట్నం సరోజినీ దేవి ఆసుపత్రిలో చూపు, రంగుల పరీక్ష రెండూ చేయించుకోండి. తేడా ఉంటే టెక్నీషియన్ పోస్టుల వైపు తిరగొచ్చు, అక్కడ కంటి నిబంధనలు ఇంత కఠినం కాదు. గ్రైండర్ పట్టినప్పుడు మాత్రం కళ్లజోడు తప్పకుండా పెట్టుకోండి, ఉస్తాద్ నవ్వినా సరే.