వదిన నీళ్ళ సీసా

వదిన నీళ్ళ సీసా ఇవాళ కూడా మూత తియ్యకుండానే ఇంటికొచ్చింది. పొద్దున్న లీటరు నింపి సంచిలో పెడితే సాయంత్రానికి లీటరూ అలాగే ఉంది. పైగా బళ్ళో పాఠాలు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయి గుసగుసగా మాట్లాడుతోంది, గొంతుకి రెస్టట.

గుసగుస రెస్టు కాదు వదినా. అలా మాట్లాడేటప్పుడు చాలామంది స్వరతంత్రుల (గొంతులో అదిరి మాట పలికించే రెండు మడతల) పైనున్న కండరాల్ని బిగబట్టేస్తారు. దగ్గరికొచ్చి మామూలు గొంతుతో మెల్లగా చెప్పడమే మేలు. స్టాఫ్ రూములో మిరియాలు నమలమన్నారట. మింగినదేదీ తంత్రుల మీద పడదు, పడితే పొలమారుతుంది. తాగిన నీళ్ళు కూడా ఒంట్లో కలిశాకే అక్కడికి తడిగా చేరేది. అందుకే గొంతు పట్టేశాక ఒక గుక్క తాగితే చాలదు, పొద్దుట్నుంచీ కొంచెం కొంచెం తాగుతుండాలి. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మరీ చెడ్డది, తంత్రులు రెండూ గట్టిగా కొట్టుకుంటాయి.

ఆడవాళ్ళ తంత్రులు సెకనుకి రమారమి 200 సార్లు తగులుకుంటాయి. 45 నిమిషాల పీరియడ్‌లో సగంసేపే గొంతు పలికిందనుకున్నా రెండున్నర లక్షలు దాటుతుంది. గునపం పట్టిన అరచెయ్యి కాయ కాసినట్టే, తంత్రుల ముందువైపు మూడో వంతు దగ్గర ఎదురెదురుగా బొడిపెలు లేస్తాయి. మెత్తగా ఉన్నప్పుడే స్పీచ్ థెరపీకి వెళ్తే కత్తి అవసరం చాలామందికి రాదు. బొంగురు నాలుగు వారాలు దాటితే మాత్రం సిరప్‌లు మాని, ఈఎన్‌టీ దగ్గర స్కోపుతో చూపించుకోవాల్సిందే.

పైడితల్లమ్మ పండక్కి హరికథ చెప్పడానికొచ్చిన దాసుగారు గుర్తొస్తున్నారు. చిడతలింకా సంచిలోనే ఉన్నాయి. పందిరి వెనక నోరు మూసుకుని, తంబురా శ్రుతికి "మ్..." అంటూ కింది నుంచి పైకి, పై నుంచి కిందకి పది నిమిషాలు. ఎవరో కూల్‌డ్రింక్ ఇస్తే చేత్తోనే వద్దన్నారు. కథయ్యాక టీలో పంచదార ఎంతో వేళ్ళతో చూపించారు, మాట్లాడలేదు. ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాల్‌గా 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు మన విజయనగరం. ఇక్కడ పాటగాళ్ళకి గొంతు సాధన ఉంది. రోజుకి ఆరు పీరియడ్లు అరిచే టీచరుకేదీ?

వదిన తంబురా పట్టక్కర్లేదు. సగం గ్లాసు నీళ్ళలో స్ట్రా రెండు సెంటీమీటర్లు ముంచి, బుడగలొచ్చేలా "ఊఁ" అంటూ రెండేసి నిమిషాలు, రోజుకి నాలుగైదు సార్లు చేస్తే చాలు. నీళ్ళ ఎదురొత్తిడికి తంత్రులు గట్టిగా గుద్దుకోవు. బుగ్గలు బిగిస్తే, మెడ నరాలు తేలితే తప్పు చేస్తున్నట్టు.

ఇంతా రాసి చదువుకుంటే తప్పంతా వదినదే అన్నట్టుంది. కాదు. వదిన పాఠం చెప్పేది రేకుల గదిలో, వాన పడితే పక్కవాళ్ళ మాటే వినబడదు. చప్పుడులో మనకి తెలీకుండానే గొంతు పెరుగుతుంది. లొంబార్డ్ అనే ఫ్రెంచి డాక్టరు 1911లోనే చెప్పాడది. వాన వెలిసేదాకా పిల్లల చేత రాయించాలి, వెనక బెంచీల్ని ముందుకి జరపాలి. నడుముకి కట్టుకునే చిన్న స్పీకరు, నోటి దగ్గర మైకూ ఉంటే ఇంకా హాయి.

సీసా సంగతి అడిగితే ఇందాకే చెప్పింది. బళ్ళో టీచర్ల బాత్రూంకి గడియ లేదట. నీళ్ళెలా తాగుతుంది? పొద్దున్నే కోట జంక్షన్ వైపు వెళ్ళి ఆరంగుళాల గడియ, నాలుగు స్క్రూలు కొనాలి.