గుమ్మడి వడియాలు, చల్లమిరపకాయలు: డాబా మీద ఏడు రోజులు

మొదటి రోజు, మధ్యాహ్నం

బూడిద గుమ్మడికాయ 3 కేజీల 200 గ్రాములు తూగింది. ఒంటినిండా బూడిద పట్టిన ముదురుకాయ, గోరు గుచ్చినా దిగదు. వడియాలకి ఇలాంటిదే కావాలి. లేతకాయైతే పిండేసరికి ముక్క ముద్దయిపోతుంది, ఎండాక వడియంలో పంటికి తగలడానికి ఏమీ ఉండదు. తడిగుడ్డతో రెండుసార్లు గట్టిగా తుడిస్తే బూడిద పోయింది. చెక్కు మాత్రం తీయలేదు. వేగాక కరకరలాడేది ఆ చెక్కే.

మా వైపు గుమ్మడికాయ మీద మొదటి దెబ్బ మగవాళ్ళు వేస్తారు, తర్వాతదంతా కత్తిపీట పని. గింజలు, వాటి చుట్టూ ఉన్న దూదిలాంటి గుజ్జు తీసేస్తే 2 కేజీల 400 గ్రాములు మిగిలింది. మధ్యాహ్నం పులుసుకి 200 గ్రాములు పెద్ద ముక్కలుగా పక్కన పెట్టి, మిగతా 2 కేజీల 200 గ్రాములు చింతగింజంత ముక్కలుగా తరిగాం. ఇంతకన్నా పెద్దవైతే పిండిలోంచి పొడుచుకొచ్చి, ఎండేటప్పుడు వడియాన్ని చీలుస్తాయి.

ఆ ముక్కలకి 60 గ్రాముల రాళ్ళ ఉప్పు, ఒక చెంచా పసుపు పట్టించాం. గుమ్మడికాయలో నూటికి 96 పాళ్ళు నీరే. వడియాల్లో వచ్చే తప్పులన్నీ ఆ నీటి దగ్గరే మొదలవుతాయి. ఉప్పు పట్టించిన అరగంటకే బేసిన్ అడుగున నీరు చేరింది. ముక్కల్ని పాత నేత పంచెలో మూటకట్టి, ఏటవాలుగా పెట్టిన పీట మీద ఉంచి, పైన నిండు బిందె పెట్టాం. పీట కింద గిన్నె. తెల్లారేదాకా అలాగే ఉండాలి. రెండు గంటలు పెట్టి చేత్తో పిండేస్తే చాలదు. పై నీరే పోతుంది, ముక్క లోపలి నీరు మర్నాడు పిండిలోకి దిగి జారుచేస్తుంది.

పక్కన పెట్టిన ముక్కలతో మజ్జిగపులుసు. ముక్కలు పసుపు, ఉప్పు వేసి ముప్పావు వంతు ఉడికించాలి. గంట నానిన శనగపప్పు పెద్ద చెంచాడు, బియ్యం అర చెంచా, ధనియాలు చెంచా, మూడు పచ్చిమిర్చి, అల్లం ముక్క, పచ్చికొబ్బరి రెండు పెద్ద చెంచాలు మెత్తగా రుబ్బి, మూడు గ్లాసుల పుల్లమజ్జిగలో కలిపి ముక్కల్లో పోయాలి. సన్న సెగ మీద అడుగు కలుపుతూనే ఉండాలి. నురుగు పైకి లేచిన మొదటి పొంగుకే దించేయాలి. తెర్లా కాగనిస్తే మజ్జిగ విరిగి పులుసు నీళ్ళు నీళ్ళుగా, ముద్దలు ముద్దలుగా విడిపోతుంది. శనగపప్పు, బియ్యం వేసేది ఆ విరుగుడు పట్టుకోవడానికే. పోపులో మెంతులు పావు చెంచా చాలు.

సాయంత్రం

చల్లమిరపకాయలకి లావుగా, లేత ఆకుపచ్చగా ఉండే, కారం తక్కువ రకం అరకేజీ. కడిగి గుడ్డ మీద పూర్తిగా ఆరాక, తొడిమ తీయకుండా, కాయ మధ్యలో రెండంగుళాల గాటు. తొడిమ దాకా చీలిస్తే వేయించేటప్పుడు గింజలన్నీ నూనెలో రాలి మాడతాయి. రెండు రోజులు పులిసిన పెరుగు అర లీటరు, నీళ్ళు పావు లీటరు, ఉప్పు 50 గ్రాములు, దంచిన వాము చెంచా కలిపి చిలికి జాడీలో కాయల మీద పోశాం. కాయలు పైకి తేలుతాయి కాబట్టి పైన చిన్న పళ్ళెం బోర్లించాం. రెండు రాత్రులు కదపకూడదు.

రాత్రి పడుకునేముందు పొట్టు మినప్పప్పు అరకేజీ కడిగి నానబోయడంతో ఆ రోజు పని అయిపోయింది.

రెండో రోజు, తెల్లవారుజామున

గిన్నెలోకి 850 మిల్లీలీటర్ల నీరు దిగింది, మూటలో ముక్కలు 1 కేజీ 350 గ్రాములకి వచ్చాయి. ఇక్కడే ఉప్పు లెక్క చూసుకోవాలి. వేసిన ఉప్పులో మూడో వంతు పైగా ఈ నీటితో పోయింది, మిగిలింది ముక్కల్లో ఉంది. అందుకే పిండిలో మళ్ళీ ఉప్పు వేయలేదు. కలిపాక నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు కాస్త తక్కువ అనిపించాలి. ఇప్పుడు సరిపోయిందంటే ఎండి మూడో వంతుకి తగ్గాక ఉప్పుకషాయమే.

నానిన పప్పుని చేత్తో పిసికి సగం పొట్టు కడిగేశాం, సగం ఉంచాం. పొట్టంతా తీసేస్తే వడియం తెల్లగా వస్తుంది గానీ రుచి చప్పబడుతుంది. గ్రైండర్లో 100 గ్రాముల పచ్చిమిర్చి, 30 గ్రాముల అల్లం ముందు నలిగాక పప్పు వేసి, మూటలోంచి దిగిన నీరే చెంచాతో చిలకరిస్తూ గారెల పిండికన్నా గట్టిగా రుబ్బాం. మొత్తం మీద ఆరు చెంచాలు పట్టింది. మిక్సీలో చేసేవాళ్ళు కొంచెం కొంచెంగా వేసి, మధ్యమధ్య ఆపాలి. పిండి వేడెక్కితే గాలి పట్టదు. చిటికెడు పిండి నీళ్ళ గ్లాసులో వేస్తే తేలాలి, మునిగితే ఇంకో ఐదు నిమిషాలు తిరగనివ్వాలి. ఆ గాలే రేపు నూనెలో వడియాన్ని గుల్లగా విప్పుతుంది. చివర్లో జీలకర్ర రెండు చెంచాలు, ఇంగువ అర చెంచా.

ముక్కలు మొత్తం ఒకేసారి పిండిలో కలపకూడదు. ఎంత పిండినా ఇంకా నీరు వదులుతూనే ఉంటాయి. సగం పిండిలో సగం ముక్కలు కలిపి వడియాలు పెట్టేశాక మిగతా సగం కలిపాం.

నవారు మంచాల మీద పరిస్తే కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. ఈసారి ఒక మంచం మీద తడిపి పిండిన పంచె, ఇంకో మంచం మీద ప్లాస్టిక్ షీటు వేసి తేడా చూశాం. చిన్న నిమ్మకాయంత ముద్ద, మధ్యలో రెండు వేళ్ళ సందు, చేత్తో అదమకూడదు. ఎనిమిదింటికల్లా పెట్టడం పూర్తి, లెక్కకి 124 వచ్చాయి. పైన దోమతెర నాలుగు మూలలా కర్రలకి ఎత్తి కట్టాం. తెర వడియాలకి తగిలిందంటే అంటుకుపోయి, లాగితే పైపొర ఊడొస్తుంది.

మధ్యాహ్నం రెండింటికి పైన పొర కట్టింది. సాయంత్రం గుడ్డతో సహా లోపలికి.

హైదరాబాద్ నుంచి చెల్లి ఫోన్. పిల్లాడి పరీక్షలు అయిపోయాయట, ఇంట్లో చేతులు ఖాళీ. "అక్కా, మా బాల్కనీలోకి నాలుగు గంటలే ఎండ వస్తుంది. పెట్టుకోవచ్చా?" పెట్టుకోవచ్చు. కాకపోతే పావుకేజీ పప్పు కొలతే, ఉసిరికాయంత వడియాలే. పెద్దవి పెడితే నాలుగు గంటల ఎండకి పైన పెచ్చు కడుతుంది, లోపల పచ్చిగా ఉండి పులుస్తుంది. ఎండ పోయాక ఫ్యాను కిందికి మార్చాలి. ఆరు రోజులకి ఇంకో మూడు రోజులు కలుపుకోవాలి.

మూడో రోజు

పొద్దున్నే జాడీలోంచి మిరపకాయలు తీసి పళ్ళెంలో ఎండకి. జాడీలో మిగిలిన మజ్జిగ కూడా మూతికి పలుచటి గుడ్డ కట్టి ఎండలోనే. సాయంత్రం కాయలు మళ్ళీ అందులోకే.

మూడింటికి ఆకాశం మూసుకొచ్చింది, నాలుగు చినుకులు. వడియాల్ని చాటల్లోకి ఒంటి వరసగా మార్చి రాత్రంతా ఫ్యాను కింద ఉంచాం. స్టీలు పళ్ళాల్లో వేయకూడదు, అడుగు చెమర్చుతుంది. ఒకదాని మీద ఒకటి అసలే వద్దు.

ప్లాస్టిక్ షీటు సంగతి అప్పుడే బయటపడింది. వడియం తేలిగ్గానే ఊడింది గానీ అడుగున వేలు పెడితే తడి, జిగురు. ఆరు వడియాలు విరిస్తే తీగ సాగాయి, పుల్లటి వాసన. అవి పారేశాం. తీగ సాగినదాన్ని ఎండబెట్టి వేయించినా ఆ వాసన పోదు, దాచితే డబ్బాలో మిగతావాటికీ పడుతుంది. గుడ్డ మీద పెట్టినవాటి అడుగు మాత్రం పొడిగా ఉంది. గుడ్డ తడి పీల్చుకుంటుంది, ప్లాస్టిక్ పట్టి ఉంచుతుంది. ఇకపై అన్నీ పంచె మీదే.

నాలుగో రోజు

ఎండ తిరిగొచ్చింది. పంచెకి అంటుకున్నవాటిని తీయడానికి గుడ్డ తిరగేసి వెనకవైపు నీళ్ళు చిలకరించి, రెండు నిమిషాలాగి, గుడ్డని కిందికి లాగాలి. వడియాన్ని పట్టుకు పీకితే అడుగు సగం గుడ్డకే ఉండిపోతుంది. అన్నీ తిరగేసి అడుగుభాగం ఎండకి పెట్టాం.

మిరపకాయలు ఆకుపచ్చ వదిలి పాలిపోయిన పసుపులోకి వచ్చాయి. జాడీలో మజ్జిగ సగానికి తగ్గి చిక్కబడింది.

ఐదో రోజు, ఆరో రోజు

ఉదయం పెట్టడం, మధ్యాహ్నం ఒకసారి తిరగేయడం, ఎండ వాలగానే తీయడం. మంచు పడేదాకా ఉంచితే పొద్దుటి ఎండ వృథా. ఐదో రోజు సాయంత్రం కాయలు కలిపి తిప్పితే మిగిలిన మజ్జిగంతా పీల్చుకున్నాయి. ఆరో రోజు నుంచి వాటికి వట్టి ఎండే.

ఏడో రోజు

వడియం విరిస్తే టప్పుమని రెండు ముక్కలైంది. లోపల పిండి తెల్లగా, పొడిగా ఉంది, గుమ్మడిముక్క గాజులా తేలింది. గుప్పెడు డబ్బాలో వేసి ఊపితే గులకరాళ్ళ చప్పుడు. 118 వడియాలు, 680 గ్రాములు. అవి చల్లారాకే డబ్బాకెత్తాం. ఎండ వేడి మీదే మూత పెడితే లోపల చెమట పట్టి నెలలో బూజు వస్తుంది. అమెరికా పంపే పావుకేజీకి ఇంకో రెండు ఎండలు అదనంగా ఇచ్చి, గట్టి కవర్లో గాలి లేకుండా కట్టాలి.

రాత్రి ముద్దపప్పులోకి పది వేయించాం. నూనె మధ్యస్థం సెగ మీద, వడియం వేయగానే చుట్టూ సన్నటి బుడగలు రావాలి. పొగలు కక్కే నూనెలో వేస్తే పైన నల్లబడి లోపల రాయిలా ఉంటుంది. బంగారు రంగు తిరుగుతుండగానే తీసేయాలి, బయటికొచ్చాక ఇంకాస్త ముదురుతుంది. అన్నీ గుల్లగానే విచ్చుకున్నాయి, ఉప్పు సరిగ్గా సరిపోయింది.

మిరపకాయలు వంచితే ఇంకా వంగుతున్నాయి, విరగడం లేదు. తొడిమ దగ్గర మెత్తగా ఉంది. వాటికి ఇంకో రెండు ఎండలు కావాలి.