సర్వర్లు హైదరాబాద్ చేరాయి, ఆదోనిలో లెడ్జర్ తెరుచుకోలేదు

మా కంపెనీ సర్వర్లలో ముఖ్యమైనవన్నీ క్లౌడ్‌కు, అంటే ఇంకో కంపెనీ డేటా సెంటర్లో అద్దెకు తీసుకునే సర్వర్లకు, మార్చే పని మొన్ననే ముగిసింది. మాది పత్తి జిన్నింగ్, పత్తి గింజల నూనె వ్యాపారం. హెడ్ ఆఫీసు కర్నూల్లో, పెద్ద మిల్లు ఆదోనిలో, ఇంకో చిన్న మిల్లు ఎమ్మిగనూరులో ఉన్నాయి. ఈ మూడు చోట్లా కంప్యూటర్లు, నెట్‌వర్కు, సర్వర్లు అన్నీ చూసుకునేది నేనొక్కడినే. జిల్లాల్లో నాలాగే ఒంటరిగా ఈ పని చేసేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళకు పనికొస్తుందని, కోపం ఇంకా చల్లారకముందే రాస్తున్నాను.

ఎందుకు మార్చాల్సి వచ్చిందంటే, మొదటి కారణం వరద. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలును ముంచినప్పుడు మా పాత ఆఫీసులో లెక్కల పుస్తకాలూ కంప్యూటర్లూ నీళ్ళపాలయ్యాయి. అప్పటినుంచి మా పెద్దాయనకు ఒకటే మాట: "మన లెక్కలు ఈ ఊరి బయట కూడా ఒకచోట ఉండాలప్పా." రెండో కారణం, మా సర్వర్లు విండోస్ సర్వర్ 2012 ఆర్2 మీద నడుస్తున్నాయి. దానికి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2023 అక్టోబర్ 10తో ఆగిపోయాయి. మూడోది కర్నూలు ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో సర్వర్ గదిలో ఏసీ ఆగిందంటే నాకు రాత్రి నిద్ర ఉండదు. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కాస్సేపట్లో గది కొలిమిలా అయ్యేది.

క్లౌడ్ ఏది అన్నదానిమీద పెద్ద చర్చ జరగలేదు. అమెజాన్ వాళ్ళ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) తెరిచింది. మాకు దగ్గర, డేటా దేశంలోనే ఉంటుంది. ఇది మా ఆడిటర్‌కు ముఖ్యం. 2022 ఆగస్టులో కంపెనీల అకౌంట్స్ రూల్స్ సవరించాక, కంప్యూటర్‌లో పెట్టుకున్న లెక్కల పుస్తకాల బ్యాకప్ ప్రతిరోజూ భారతదేశంలో ఉన్న సర్వర్‌లోనే ఉండాలి. మీ వెండర్ (ఈ మార్పిడి పని చేసిపెట్టే కంపెనీ) ఏ విదేశీ రీజియన్‌లోనో చవకగా వస్తుందని చెబితే, ముందు ఈ సంగతి అడగండి.

అన్నీ క్లౌడ్‌లో పెట్టడం మాకు కుదరదు. మిల్లు గేటు దగ్గర కాటా ఉంటుంది. ట్రాక్టర్ ఎక్కగానే తూకం ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ మీదుగా పక్కనున్న కంప్యూటర్‌లోకి వస్తుంది. నెట్ పోయిందని రైతును నిలబెట్టలేం. అందుకే కాటా సాఫ్ట్‌వేర్, దానికొక చిన్న సర్వర్ మిల్లులోనే ఉంచాం. నెట్ ఉన్నప్పుడు ఆ తూకాలు పైకి వెళ్ళి కలుస్తాయి. ఈఆర్‌పీ (కొనుగోళ్ళు, స్టాకు, లెక్కలు ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్), దాని డేటాబేస్, జీతాల సాఫ్ట్‌వేర్, డీలర్లు ఆర్డర్లు పెట్టే పోర్టల్, ఫైల్ సర్వర్ క్లౌడ్‌కు పోయాయి. రెండు వైపులా కలిపి ఒకే నెట్‌వర్కులా పని చేయడానికి మధ్యలో వీపీఎన్ టన్నెళ్ళు, అంటే మామూలు ఇంటర్నెట్ మీదే తాళం వేసి నడిపే మా సొంత దారులు. దీన్నే హైబ్రిడ్ అంటారు.

సర్వర్లు ఎక్కించడం తేలిక. పాత సర్వర్‌లో ఏజెంట్ అనే ఒక చిన్న ప్రోగ్రాము వేస్తే అది డిస్కును బ్లాకుల వారీగా కాపీ చేస్తూనే ఉంటుంది, మనవాళ్ళు పాతదాంట్లో పని చేసుకుంటూనే ఉంటారు. మంచి ముహూర్తం చూసి కొత్తదానికి మారిపోవడమే. డేటాబేస్ మాత్రం అలా చేయలేదు. కొత్త సర్వర్‌లో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నడిపే సాఫ్ట్‌వేర్) శుభ్రంగా ఇన్‌స్టాల్ చేసి, బ్యాకప్ రీస్టోర్ చేసి, ఆ తర్వాత జరిగిన మార్పుల లాగ్ బ్యాకప్‌లు చివరి రాత్రి ఎక్కించాం. డొమైన్ కంట్రోలర్‌ను (అందరి లాగిన్‌లూ చూసే సర్వర్‌ను) కూడా కాపీ చేయకండి, కొత్తది కట్టి పాతదానికి జతచేయండి.

ఈ-ఇన్‌వాయిస్ (జీఎస్టీ బిల్లుల్ని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) దగ్గర ఒక పూట ఆగాం. ప్రభుత్వ పోర్టల్‌కు మా సాఫ్ట్‌వేర్ నేరుగా మాట్లాడుతుంది, ముందే నమోదు చేసిన ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మన నంబరు) నుంచి వస్తేనే అది జవాబిస్తుంది. క్లౌడ్‌కు వెళ్ళాక బయటికి పోయే ఐపీ మారుతుంది. ముందుగానే ఒక స్థిరమైన ఐపీ తీసుకుని నమోదు చేయించాలని నేను లిస్టులో రాశాను. వెండర్ ఆ లైను చదవలేదు. పొద్దున ఇన్‌వాయిస్‌లు ఆగాక చదివారు.

ఇక అసలు కథ ఆదోనిది.

అంతకుముందు ఆదోని మిల్లుకూ కర్నూలు ఆఫీసుకూ మధ్య మాకోసమే విడిగా అద్దెకు తీసుకున్న ఒక లీజ్డ్ లైను ఉండేది. క్లౌడ్‌కు వెళ్తున్నాం కదా, ఆ లైను ఎందుకు, ఆదోనిలో మామూలు ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ పెట్టి అక్కడినుంచే క్లౌడ్‌కు టన్నెల్ వేద్దాం, నెలనెలా ఖర్చు తగ్గుతుందని వెండర్ చెప్పాడు. మంచిదే, నేనూ ఒప్పుకున్నాను. ఆదోనికి కొత్త ఫైర్‌వాల్ బాక్సు (నెట్‌వర్కులోకి వచ్చేదీ పోయేదీ చూసే పెట్టె) కూడా వాళ్ళే తెచ్చి పెట్టారు. దాని అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం నాకివ్వలేదు. "సపోర్టు కాంట్రాక్టు ఉన్నన్నాళ్ళూ మేమే చూసుకుంటాం సార్" అన్నారు. టెస్టింగ్ అంతా కర్నూల్లో నా ఎదురుగానే చేశారు. అన్నీ చక్కగా తెరుచుకున్నాయి. ఆదోని నుంచి కూడా పరీక్ష చేయాలని అడిగితే, సాఫ్ట్‌వేర్ ఒకటే కదా, ఎక్కడినుంచైనా ఒకటే అన్నారు.

మారిన మొదటి రోజే ఆదోని నుంచి ఫోన్లు. "ఏందన్నా ఇది, లెడ్జర్ తెరిస్తే తిరుగుతానే ఉంది. బయట రైతులు లెక్క చూపీమని నిలబడుకోని తిడతాండారు." చిత్రమేమంటే లాగిన్ అవుతోంది. మెనూ వస్తోంది. ఒక రైతు పేరు కొడితే వస్తోంది. పింగ్ (అవతలివైపు పలుకుతుందా అని చూసే చిన్న పరీక్ష) కొడితే ప్రతిదానికీ జవాబు వస్తోంది. కానీ సీజను మొత్తం లెడ్జర్ అడిగితే, బేళ్ళ స్టాకు రిపోర్టు అడిగితే, స్క్రీను అలాగే నిలబడిపోతుంది, కాసేపటికి ఎర్రర్ వస్తుంది. అదే రిపోర్టు కర్నూల్లో చిటికెలో వస్తోంది.

వెండర్ ఇంజినీరు హైదరాబాద్ నుంచి చూసి, సర్వర్‌లో ఏ లోపమూ లేదన్నాడు. నెట్ కంపెనీవాళ్ళు పింగ్ చూపించి, లైను బ్రహ్మాండంగా ఉందన్నారు. ఇద్దరూ సరిగ్గా ఉంటే మిగిలింది నేను. ఆదోని కంప్యూటర్లు పాతవన్నారు, యాంటీవైరస్ అన్నారు, వైరింగ్ అన్నారు. చివరికి పెద్దాయన ముందు మీటింగు పెట్టి, ఆ ఇంజినీరు నా వైపు చూడకుండానే, "సార్, మీ లోకల్ నెట్‌వర్క్ సరిగ్గా మెయింటైన్ చేయలేదు, లైన్ కూడా డబుల్ చేయాలి" అని కొత్త కొటేషన్ బల్లమీద పెట్టాడు. పెద్దాయన నన్ను చూసి, "ఇన్నేండ్లు నువ్వే చూస్తాండావు కదప్పా, మన లైను ఎట్లుందో నీకే తెలీదా?" అన్నాడు. అకౌంట్స్ మేడమ్, మిల్లు మేనేజరు, అందరూ అక్కడే ఉన్నారు. ఆయన మాటలో తప్పులేదు, ఆయనకు చెప్పినవాళ్ళది తప్పు. కానీ ఆ గదిలో నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు.

అక్కడితో వదిలేయలేదు. కర్నూల్లోనే చదువుకుని, కర్నూల్లోనే పని నేర్చుకున్నవాణ్ణి. సిటీ నుంచి లాప్‌టాప్‌తో వచ్చినవాడికి తెలిసినంత మనకు తెలియదని ముందే తీర్మానించుకునే జబ్బు మన యజమానుల్లో చాలామందికి ఉంది. ఏ కేబుల్ ఏ గోడలోంచి పోతుందో తెలిసినవాడి మాటకు కొటేషన్ తెచ్చినవాడి మాటకున్న విలువ ఉండదు. ఇది మారాలి.

ఆ సాయంత్రం ఆదోని వెళ్ళాను. మిల్లు కంప్యూటర్‌ను బ్రాడ్‌బ్యాండ్ నుంచి తీసి, నా ఫోన్ హాట్‌స్పాట్ మీద, లాప్‌టాప్‌లకు వాడే వీపీఎన్‌తో కలిపాను. పెద్ద లెడ్జర్ వెంటనే వచ్చింది. కంప్యూటర్ పాతదన్న మాట అక్కడే పోయింది. మళ్ళీ మిల్లు లైనుకు మార్చాను, నిలబడిపోయింది. చిన్నవి వస్తాయి, పెద్దవి రావు. ఈ లక్షణం చూస్తే అనుమానించాల్సింది ప్యాకెట్ సైజునే.

డేటా నెట్‌వర్కులో ప్యాకెట్లనే ముక్కలుగా పోతుంది. మామూలు నెట్‌వర్కులో ఒక్కో ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండొచ్చు. దీన్ని ఎంటీయూ అంటారు. బ్రాడ్‌బ్యాండ్ వాడే పీపీపీఓఈ పద్ధతి అందులో 8 బైట్లు తినేస్తుంది, 1492 మిగులుతుంది. పైన వీపీఎన్ టన్నెల్ ప్రతి ప్యాకెట్‌కూ తన ఎన్‌క్రిప్షన్ హెడర్లు తగిలిస్తుంది, ఇంకొన్ని పదుల బైట్లు పోతాయి. కానీ ఈ సంగతి సర్వర్‌కు తెలియదు, అది 1500 సైజు ప్యాకెట్లే పంపుతుంది. దారిలో ఇరుకు ఉంటే "సైజు తగ్గించు" అని వెనక్కి కబురు పోవాలి. 1990లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1191 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఆ పద్ధతి ఉంది. ఆ కబురు మోసే ఐసీఎంపీ సందేశాన్ని మధ్యలో ఏ ఫైర్‌వాలో ఆపేస్తే, సర్వర్ పెద్ద ప్యాకెట్లే మళ్ళీ మళ్ళీ పంపుతుంది, అవి దారిలోనే పోతుంటాయి. పైగా ఏడబ్ల్యూఎస్ వీపీఎన్‌లో ఈ పద్ధతి పనిచేయదని వాళ్ళ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. పింగ్ మామూలుగా వెళ్ళేది 32 బైట్లతో. అంత చిన్నది ఎప్పుడూ దాటి వెళ్తుంది. అందుకే పింగ్ చూపించి లైను బాగుందనేవాళ్ళ మాట నమ్మకండి.

విండోస్‌లో పింగ్ కమాండ్‌కు మైనస్ ఎఫ్ ఇస్తే ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దని అర్థం, మైనస్ ఎల్ పక్కన సైజు ఇవ్వొచ్చు. 1472 ఇచ్చాను. హెడర్ల 28 కలిపితే అది 1500. జవాబు లేదు. తగ్గిస్తూ పోతే 1372 దగ్గర జవాబు వచ్చింది, అంటే దారి 1400. అందులోంచి ఐపీ, టీసీపీ హెడర్ల 40 తీసేస్తే 1360. ఫైర్‌వాల్‌లో టీసీపీ ఎంఎస్‌ఎస్ (హెడర్లు పోను ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా) అన్న చోట అంతకన్నా కాస్త తక్కువ, 1350 పెడితే చాలు. కనెక్షన్ మొదలయ్యేటప్పుడే రెండువైపులా చిన్న సైజుకు ఒప్పుకుంటాయి.

మరి కర్నూల్లో ఎందుకు పనిచేసింది? కర్నూలు ఫైర్‌వాల్‌లో ఈ లెక్క నేను ఏనాడో పెట్టి ఉంచాను కాబట్టి. ఆదోని బాక్సు వాళ్ళు పెట్టారు, పెట్టలేదు. అంతే తేడా.

రాత్రికి రాత్రే సరిచేద్దామంటే పాస్‌వర్డ్ నా దగ్గర లేదు. ఫోన్ చేస్తే టికెట్ వేయమన్నారు, అంటే వాళ్ళ సపోర్టులో ఫిర్యాదు నమోదు చేయమని. టికెట్ వేస్తే, ఈ మార్పు తమ ఆర్కిటెక్టు ఆమోదించాలన్నారు. మా డబ్బుతో కొన్న బాక్సు, మా మిల్లు గోడకు ఉంది, దాంట్లో ఒక అంకె మార్చడానికి నేను బతిమాలాలి. మీటింగులో పడిన మాటకన్నా ఇది ఎక్కువ మండింది. చివరికి పింగ్ ఫలితాలన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెద్దాయనకే పంపాను. "పొద్దున్నే పాస్‌వర్డ్ మా వానికి ఇయ్యండి, లేకుంటే మిగతా బిల్లు ఆగుతాది" అని ఆయన ఒక్క ఫోన్ చేశాడు. వచ్చింది.

1350 పెట్టాను. లెడ్జర్ తెరుచుకుంది. అంతటితో ఊరుకోకుండా మీటింగులో ఉన్నవాళ్ళందరినీ వీడియో కాల్‌లోకి పిలిచి, ఆ లెక్క తీసేసి రిపోర్టు ఆగడం చూపించాను, మళ్ళీ పెట్టి రావడం చూపించాను. ఆ ఇంజినీరు కూడా చూశాడు. డబుల్ లైను కొటేషన్ తర్వాత ఎవరూ ఎత్తలేదు. పెద్దాయన మాత్రం సాయంత్రం నా సీటు దగ్గరికే వచ్చి, "నీ మాట ముందే వినింటే బాగుండు" అన్నాడు.

మీరు ఈ పని మొదలుపెడుతుంటే నా మాటలు కొన్ని. మీ కంపెనీకి ఉన్న అన్నిటికన్నా దూరపు, అన్నిటికన్నా చవక లైనున్న బ్రాంచి నుంచి పరీక్ష చేయండి, అదీ సీజను మొత్తం రిపోర్టుతో. ప్రతి బాక్సు పాస్‌వర్డూ, ప్రతి క్లౌడ్ అకౌంటుకు అన్ని హక్కులూ ఉన్న రూట్ లాగినూ కంపెనీ పేరున, కంపెనీ మెయిల్‌కు ఉండాలని అగ్రిమెంటులోనే రాయించండి. వెండర్ బిల్లులో చివరి వాయిదా పని పూర్తయ్యాక ఒక నెలాఖరు దాటేవరకూ ఆపండి. నెలాఖరులోనే అన్నీ బయటపడతాయి. లైను పెంచాలని ఎవరైనా అంటే ప్యాకెట్ సైజు చూశారా అని అడగండి. అర్థంకానట్టు మొహం పెడితే కొటేషన్ తిరిగి ఇచ్చేయండి.

ఇప్పుడు రోజూ నేను చూసేది బిల్లు. సర్వర్లు మార్చే ఆ సర్వీసు ఒక్కో సర్వర్‌కు 90 రోజుల దాకా ఉచితమే అయినా, దానికోసం వెనక నడిచే డిస్కులకూ చిన్న సర్వర్లకూ డబ్బు పడుతుంది. మారడం అయిపోగానే ఫైనలైజ్ నొక్కకపోతే అవి అలాగే తింటుంటాయి. డిస్కులు జీపీ2 అనే పాత రకం నుంచి జీపీ3 అనే కొత్త రకానికి మార్చితే జీబీకి 20 శాతం దాకా తగ్గుతుంది, సర్వర్ ఆపాల్సిన పని కూడా లేదు. పబ్లిక్ ఐపీలకు 2024 ఫిబ్రవరి నుంచి గంటకు లెక్క కడుతున్నారు, ఈ-ఇన్‌వాయిస్‌కు వాడేది ఉంచి మిగతావి వదిలేశాను. టెస్టు సర్వర్లు రాత్రి ఏడింటికి వాటంతటవే ఆగి పొద్దున లేస్తాయి.

ఎమ్మిగనూరు మిల్లును ఇలా కలిపేది వచ్చే నెల. అక్కడి బాక్సు నేనే కొన్నాను, పాస్‌వర్డ్ కంపెనీ లాకర్‌లో ఉంది, 1350 ముందే పెట్టేశాను.