నార్వేజియన్ క్రియ చివరి ‘స్’

నార్వేజియన్‌కున్న రెండు లిఖిత రూపాల్లో ఒకటైన బోక్మోల్‌లో క్రియ చివర ‘స్’ చేర్చితే కర్మణి ప్రయోగం. ‘హూసే సెల్గెస్’ అంటే ఇల్లు అమ్మబడును. మన ‘ఇచ్చట పాలు అమ్మబడును’ బోర్డు ధోరణే! నియమాలు, నోటీసులు, వంటల పుస్తకాల్లో ఇదే ఎక్కువ. నిన్న జరిగిపోయిన పనికి మాత్రం సాధారణంగా అతకదు, ‘బ్లే సోల్ట్’ (అమ్మబడింది) అనాలి.

అసలు చిక్కు ‘స్కాల్’ (ఇంగ్లీషు ‘షల్’ లాంటి సహాయక క్రియ) తర్వాత. ‘బీలెన్ స్కాల్ రెపారేరెస్’ అంటే కారు రిపేరు చేయాల్సి ఉంది. ‘స్కాల్ బ్లీ రెపారేర్ట్’ అంటే చేయించి తీరతామనే హామీ. వర్క్‌షాప్ వాళ్లు ఏది అన్నారో గమనించండి.

‘వీ మోటెస్’లోనూ ‘స్’ ఉంది, కానీ కర్మణి కాదు: ఒకరినొకరు కలుసుకుంటాం అని. రెండో లిఖిత రూపమైన నీనోర్స్క్‌లో ఈ ప్రత్యయం ‘అస్త్’, అదీ ఎక్కువగా ‘స్కాల్’ లాంటి సహాయక క్రియల వెనకే.