ఔట్‌బోర్డు హ్యాండిలు బిరుసెక్కితే: నేను సరిచేసిన వరస

కళింగపట్నంలో మా తెప్పలు ఇసుక మీంచే కెరటంలోకి దిగుతాయి. కెరటం విరిగే చోట, తెప్ప వెనక తగిలించే ఔట్‌బోర్డు ఇంజను హ్యాండిలు ఒంటిచేత్తో చటుక్కున తిరగాలి. అదే హ్యాండిలు లోతు నీళ్లలో గంటల తరబడి నడిచేటప్పుడు ఊగకుండా నిలవాలి. ఈ రెండూ కుదిరే బిగువు 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజను మీద ఎలా తెచ్చానో రాస్తున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో చేసుకుంటే తీరిగ్గా అవుతుంది.

హ్యాండిలు బరువైనా, వదులైనా అందరి చెయ్యీ ముందు, అది తిరిగే బిగువుని పెంచి తగ్గించే లీవరు మీదికే పోతుంది. నా లెక్కలో దాన్ని ముట్టుకోవాల్సింది అన్నిటికన్నా చివర. ముందు దాన్ని పూర్తిగా వదులు చేసేయాలి. నా యమహాలో ముందుకి చూస్తూ ఎడమకి తోస్తే బిగుస్తుంది, కుడికి తోస్తే వదులవుతుంది. లీవరు వదిలాక ఇంజను ఆపి ఉంచి, హ్యాండిలుని ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా తిప్పి చూశాను. అంతటా ఒకేలా బరువుంటే గ్రీజు ఎండినట్టు. ఒక్కచోటే పట్టుకుంటే లోపల ఉప్పు పేరుకున్నట్టు. ఇసుక నలిగినట్టు కరకరమంటే బుష్, అంటే గొట్టం తిరిగే చోట ఉండే నైలాన్ తొడుగు చూడాలి.

నాది మొదటి రకం. ఇంజను కాలు (నీళ్లలోకి దిగే కింది భాగం) తిరిగే గొట్టానికీ బుష్‌కీ మధ్య ఉప్పునీరు చేరుతుంది. అల్యూమినియం తిని తెల్లటి పొడి కడుతుంది. ఆ పొడి లోహం కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి సందు మూసుకుపోతుంది. పాత గ్రీజు మైనంలా గట్టిపడి దానికి తోడవుతుంది. బ్రాకెట్టు మీద గ్రీజు ఎక్కించే చిన్న మొన, అదే నిపుల్‌కి గ్రీజు గన్ పెట్టి ఐదారు సార్లు నొక్కడం, హ్యాండిలు రెండు వైపులా తిప్పడం, మళ్లీ నొక్కడం. పైనా కిందా పాత మురికంతా పోయి శుభ్రమైన గ్రీజు కనిపించేదాకా ఆపలేదు. గ్రీజు తప్పనిసరిగా నీళ్లకి కొట్టుకుపోని మెరైన్ గ్రీజే. బండి చక్రాలకి వేసే మామూలు గ్రీజు ఉప్పునీళ్లలో నిలవదు.

నిపుల్ గ్రీజు తీసుకోకపోతే గన్‌ని బలంగా నొక్కకండి. నిపుల్‌లోని గుండు ఉప్పుకి బిగుసుకుని ఉంటుంది. విప్పి కొత్తది వేయడం చిన్న పని. అసలు కదలనంతగా పట్టేసిన ఇంజనుకి తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయాలి. తెల్లారి మరిగిన నీళ్లలో ముంచిన గోనెపట్టా చుట్టి, వేలెడు వేలెడు చొప్పున కదిలించాలి. మంట పెట్టకూడదు. నైలాన్ బుష్ కరుగుతుంది, పక్కనే పెట్రోలు గొట్టం ఉంటుంది. హ్యాండిలుకి పైపు తొడిగి గుంజడం ఇంకా పెద్ద తప్పు. హ్యాండిలు బ్రాకెట్టు పోత అల్యూమినియం, వంగదు, పగులుతుంది.

ఇక వదులు సంగతి. ఇంజను కాలి అడుగు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే టక్‌మని కొట్టుకోకూడదు. కొట్టుకుంటే బుష్ అరిగిపోయింది. అప్పుడు లీవరు బిగిస్తే ఒడ్డున బాగున్నట్టే ఉంటుంది, కెరటంలో మాత్రం హ్యాండిలు వణుకుతుంది. బుష్ మార్చడమే దారి. అయితే అంతకన్నా ముందు ఇంజనుని తెప్ప వెనక పలకకి పట్టే రెండు క్లాంపు స్క్రూలూ చూడండి. అవి వదులైనా ఇదే కొట్టుడు వస్తుంది. వెనక పలక లోపలి చెక్క నానిపోయి మెత్తబడినా అంతే.

హ్యాండిలు పైకెత్తే కీలు వేరే లెక్క. ఎత్తిన చోట నిలవాలి, చేత్తో నొక్కితే దిగాలి. నాది తనంతట తానే పడిపోయేది. విప్పితే నైలాన్ వాషరు ఒకవైపు కాగితంలా అరిగి ఉంది. వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫోన్లో ఫొటో తీసుకుని విప్పండి. అలలా వంగిన వాషరు తిరగబడి చోటు మారితే ఎంత బిగించినా బిగువు రాదు. హ్యాండిలు ఎత్తిన చోట నిలిచేదాకా నట్టు కొద్దికొద్దిగా బిగించి అక్కడ ఆపాను. నైలాన్ ఉన్న లాకు నట్టు విప్పిన ప్రతిసారీ పట్టు తగ్గుతుంది, కొత్తది వేయడమే మంచిది. స్టీలు బోల్టు అల్యూమినియంలోకి వెళ్లే చోట మరలకి గ్రీజు రాయకపోతే వచ్చే ఏడాది అది ఊడిరాదు.

ఇంత చేశాక కూడా నడిచేటప్పుడు తెప్ప ఒకవైపుకి లాగితే తప్పు కీలులో లేదు. నీళ్లలో తిరిగే ఫ్యాను (ప్రొపెల్లరు) పైన ఉండే అడ్డ ప్లేటు తెప్ప అడుగు మట్టానికి సమంగా, లేదా ఒక అంగుళం వరకు కిందగా ఉండాలి. కాలు మరీ లోపలికి, తెప్ప వైపుకి ఉంటే ముక్కు నీళ్లలోకి దిగి హ్యాండిలు బరువెక్కుతుంది. కాలు ఎంత వంపులో ఉండాలో ఆపే పిన్నుని ఒక రంధ్రం బయటికి మార్చి చూడాలి. వల, ఐసు పెట్టె ఎక్కించిన తెప్ప మీదే ఇది చూడాలి. ఖాళీ తెప్పకి సరిపోయింది నిండు తెప్పకి సరిపోదు. ప్లేటు కింద ట్రిమ్ ట్యాబ్ (తిప్పి సరిచేసుకునే చిన్న రెక్క) ఉన్న ఇంజనైతే, తెప్ప ఏ వైపుకి పోతోందో ట్యాబ్ వెనక కొస ఆ వైపుకే కొద్దిగా తిప్పాలి. ఎదురు వైపు తిప్పాలనిపిస్తుంది, అది తప్పు.

చివరగా లీవరు. దాని రాపిడి ప్లేట్లకి గ్రీజు తగలకూడదు, తగిలితే బిగువు నిలవదు. హ్యాండిలు కొసకి స్ప్రింగు త్రాసు తగిలించి అడ్డంగా లాగి చూశాను. కుడికీ ఎడమకీ ఒకే బరువు చూపాలి, నేను పట్టించుకునేది అదే. వంశధార మొగ దగ్గర నిలకడ నీళ్లలో, సగం వేగం కన్నా తక్కువలో, చెయ్యి హ్యాండిలుకి జానెడు దూరంలోనే ఉంచి ఒక్క క్షణం వదిలి చూశాను. మెల్లగా జరిగితే చాలు, రాయిలా నిలవక్కర్లేదు. పూర్తి వేగంలో వదిలితే హ్యాండిలు కొట్టుకుని తెప్ప గిర్రున తిరుగుతుంది, మనిషి నీళ్లలో పడతాడు. ఇంజను ఆపే తాడు చేతికి కట్టుకోకుండా ఈ పరీక్ష చేయొద్దు.

హ్యాండిలు కొసన వేగం పెంచి తగ్గించే పిడి బిగువు కూడా అక్కడే సరిచూశాను. దాని మర కుడికి తిప్పితే బిగుస్తుంది. బాగా బిగిస్తే పిడి వదిలినా వేగం తగ్గదు. అందుకే దాన్ని ఎప్పుడూ వదులు వైపే ఉంచుతాను.

లీవరు పక్కన బ్రాకెట్టు మీద రెండు రంగు గీతలు పెట్టాను: కెరటం దాటడానికి తెల్లది, లోతులో నడపడానికి ఎర్రది. ఒడ్డుకి తిరిగొచ్చేటప్పుడు కెరటాల వరస ఇంకా దూరంగా ఉండగానే లీవరు తెల్ల గీత దగ్గరికి తెచ్చేస్తాను.